తోసి చూసి నమ్మండి

ఇల్లు కట్టేటప్పుడు మనమంతా ఇటుకను పరీక్షిస్తాం. రెండు ఇటుకలు చేతబట్టి కొట్టి, కంచు మోగినట్టు మోగితే తృప్తి పడతాం. నడుమెత్తు నుంచి జారవిడిచి, పగలకపోతే లారీ దింపమంటాం. ఈ పరీక్షలు మంచివే. కాకపోతే అవి ఇటుక సంగతే చెబుతాయి, గోడ సంగతి చెప్పవు. ఇటుకకూ ఇటుకకూ మధ్య ఉన్న అతుకు ఎంత గట్టిదో మనలో ఎవరూ చూడరు. గోడ పగిలేది మాత్రం ఎక్కువగా అక్కడే.

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇల్లు కట్టుకుంటున్న కుటుంబాల కోసం, సైటు మీద కొత్తగా చేరిన డిప్లొమా పిల్లల కోసం, తాపీ పట్టిన ప్రతి మేస్త్రి కోసం ఈ అధ్యాయం. చివరిదాకా చదివితే అతుకు బలాన్ని మీరే పరీక్షించగలుగుతారు. దానితోపాటు ఒక అలవాటు కూడా వస్తుంది: కంటికి కనబడని బలాన్ని నమ్మే ముందు చిన్నగా పరీక్షించుకోవడం.

గోడకు రెండు రకాల కష్టాలు

గోడ మీద పడే బరువు ఒక కష్టం. తొమ్మిదంగుళాల గోడ, ఒకే అంతస్తు, పైన స్లాబు ఉన్న ఇల్లు తీసుకోండి. గోడ అడుగున ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు సుమారు 0.1 న్యూటన్, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. భారత ప్రమాణం ఐఎస్ 1077 లెక్కలో అన్నిటికన్నా తక్కువ తరగతి ఇటుక బలమే 3.5 న్యూటన్లు. గోడగా పేర్చాక బలం కొంత తగ్గినా, నిలువు బరువుకు మామూలు ఇల్లు నలిగిపోయే ప్రమాదం చాలా తక్కువ.

రెండో కష్టం అడ్డం తోపు. పునాది ఒక పక్క కుంగినా, ఎండకు స్లాబు వ్యాకోచించి గోడ తలను నెట్టినా, నేల కంపించినా ఒక వరుస మీద ఇంకో వరుస జారాలని చూస్తుంది. ఈ జారుడు బలాన్ని ఇంజనీర్లు షియర్ అంటారు. గోడ అసలు బలం ఇక్కడే తేలుతుంది.

మీ వీధిలో పాత గోడల పగుళ్లను ఒకసారి పరిశీలనగా చూడండి. పగులు దర్జుల వెంబడి మెట్లు మెట్లుగా దిగుతుంటే ఇటుక గట్టిది, మాలు అతుకు బలహీనం. పగులు ఇటుకలను కూడా చీల్చుకుంటూ ఏటవాలుగా పోతే అతుకు గట్టిది, ఇటుకే ఓడిపోయింది. ఒకే వరుస వెంట అడ్డంగా సన్నని గీతలా ఉంటే పై భాగం కింది భాగం మీద జరిగి ఉండవచ్చు. మన ప్రాంతంలో నల్లరేగడి నేలలున్న చోట వానకు నేల ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి మెట్ల పగుళ్లు ఎక్కువ కనిపిస్తాయి. పగులును చదవడం నేర్చుకుంటే సగం పాఠం వచ్చినట్టే.

సాగర్ గోడ ఎందుకు జరగదు?

అడ్డం తోపును తట్టుకునే రాతి కట్టడానికి మన నల్లగొండ జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మధ్యలోని రాతి ఆనకట్ట పొడవు 1,450 మీటర్లు, ఎత్తు సుమారు 124 మీటర్లు. ప్రపంచంలోని అతి పెద్ద రాతి ఆనకట్టల్లో అది ఒకటి. ఒక్కో రాయినీ మనుషులు మోసి, మాలు వేసి పేర్చిన కట్టడం అది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇవి సాగర్ డిజైన్ అంకెలు కావు, విషయం అర్థం కావడానికి తీసుకున్నవి. 100 మీటర్ల లోతు నీళ్లు ఆనకట్టలో ఒక్కో మీటరు పొడవును 5,000 టన్నుల బలంతో అడ్డంగా తోస్తాయి. 100 మీటర్ల ఎత్తు, అడుగున 80 మీటర్ల వెడల్పు ఉన్న త్రికోణపు రాతి కట్టడం బరువు మీటరు పొడవుకు సుమారు 9,400 టన్నులు. రాపిడి గుణకం 0.7 అనుకుంటే ఆ బరువు 6,580 టన్నుల తోపును ఆపగలదు. చూడటానికి సరిపోయినట్టే ఉంది.

కానీ నీళ్లు ఎదుటి నుంచే తోయవు. కట్టడం అడుగుకు చొచ్చుకుపోయి పైకి కూడా ఎత్తుతాయి. దాన్ని ఆపకపోతే ఈ లెక్కలో ఆ ఎత్తుడు 4,000 టన్నులదాకా వస్తుంది. మిగిలేది 5,400 టన్నుల బరువే. దాని రాపిడి 3,780 టన్నులు. తోపు 5,000. ఇక కట్టను ఆపాల్సింది అతుకు ఒక్కటే. అందుకే పెద్ద ఆనకట్టల లోపల గ్యాలరీలు కట్టి, డ్రైన్లు వేసి, ఊరే నీటిని బయటికి తీస్తారు. ఆ ఎత్తుడు సగానికి తగ్గినా రాపిడి మళ్లీ 5,180 టన్నులకు చేరుతుంది.

ఈ పాఠం ప్రపంచానికి చాలా ఖరీదుగా వచ్చింది. ఫ్రాన్స్‌లోని బూజే రాతి ఆనకట్టలో కొంత భాగం 1884లోనే దిగువకు జరిగింది. మరమ్మతు చేసి మళ్లీ నింపారు. 1895 ఏప్రిల్ 27న అది తెగి 80 మందికి పైగా చనిపోయారు. కింద నుంచి ఎత్తే నీటి బలాన్ని డిజైన్ లెక్కల్లో కలపాలన్న పట్టుదల ఆ ప్రమాదం తర్వాతే బలపడింది.

అతుకు, రాపిడి

పై లెక్కలో మనకు తెలియకుండానే రెండు బలాలు వచ్చాయి. ఒకటి అతుకు: మాలు ఇటుకను పట్టుకున్న పట్టు. పైన బరువు ఉన్నా లేకపోయినా అది ఉంటుంది. రెండోది రాపిడి: పైన బరువు ఎంత ఉంటే అంత పెరుగుతుంది. ఈ రెండింటినీ కూడితే గోడ షియర్ బలం.

అయిదు పుస్తకాలను వరుసగా నిలబెట్టి, రెండు అరచేతులతో రెండు పక్కల నుంచి గట్టిగా అదిమి పైకి లేపండి. అన్నీ కలిసి లేస్తాయి. అదుము కొంచెం సడలించండి, నడిమి పుస్తకం జారిపోతుంది. అక్కడ అతుకు లేదు, రాపిడే ఉంది. పుస్తకాల మధ్య జిగురు పూసి ఆరనిస్తే, అదమకపోయినా నడిమిది జారదు. అది అతుకు.

ఈ సూత్రాన్ని 1773లో పారిస్ అకాడమీ ముందు పెట్టిన కూలుంబ్, కాలేజీ గదుల్లోనే గడిపిన మనిషి కాదు. కరీబియన్ దీవి మార్టినిక్‌లో ఏళ్లపాటు కోట కట్టించిన సైనిక ఇంజనీరు. రాయి ముక్కలను లాగి, తెంచి, ఎంతకు తెగుతాయో కొలిచాకే సిద్ధాంతం రాశాడు.

రాపిడి మీదే నిలబడ్డ కట్టడాలు మన దగ్గర వందల ఏళ్లుగా ఉన్నాయి. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడుల నాటి ఛాయా సోమేశ్వరాలయం చూడండి. స్తంభం మీద దూలం, దూలం మీద కప్పు రాయి, మధ్యలో మాలు లేదు. బరువే వాటిని బిగించి పట్టింది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. మాలుతో కరుచుకుపోయిన గోడనైతే అలా విప్పి పేర్చడం కుదిరేది కాదు.

ఇప్పుడు మీ ఇంటికి రండి. కింది అంతస్తు గోడ మీద స్లాబు బరువు ఉంది, రాపిడి తోడుంటుంది. డాబా మీద పిట్టగోడకు, ఇంటి చుట్టూ ప్రహరీకి పైన బరువే లేదు. వాటిని నిలబెట్టేది దాదాపు అతుకు ఒక్కటే. మనం మాత్రం పిట్టగోడ దగ్గరకు వచ్చేసరికి మిగిలిన ఇటుకలు, పలచని మాలు, తొందర పనితో సరిపెడతాం. అతుకు అన్నిటికన్నా ఎక్కువ కావాల్సిన చోటే దాన్ని తక్కువ చేస్తున్నాం. పిల్లలు ఆనుకుని నిలబడే గోడ అది.

ల్యాబులో ఎలా చూస్తారు?

మూడు పద్ధతులు తెలుసుకుంటే చాలు.

మొదటిది మూడిటుకల పరీక్ష. మూడు ఇటుకలను రెండు దర్జులతో అతికిస్తారు. ఆరాక నిలువుగా తిప్పి, అటూ ఇటూ ఉన్న ఇటుకలకు కింద ఆధారం ఇచ్చి, నడిమి ఇటుకను పైనుంచి నొక్కుతారు. అది జారిన క్షణాన ఉన్న బరువును రెండు దర్జుల వైశాల్యంతో భాగిస్తే షియర్ బలం వస్తుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1052-3 ప్రకారం పక్కల నుంచి మూడు స్థాయిల్లో అదిమి పట్టి ఈ పరీక్ష చేస్తారు. మన నాటు ఇటుకల్లాంటి, చదరపు మిల్లీమీటరుకు 10 న్యూటన్ల లోపు బలమున్న వాటికి ఆ అదుము 0.1, 0.3, 0.5 న్యూటన్లు.

మాటవరసకు ఆ మూడు స్థాయిల్లో జారిన బలం 0.27, 0.41, 0.55 వచ్చిందనుకోండి. గ్రాఫు కాగితం మీద మూడు చుక్కలు పెట్టి గీత గీయండి. అదుము సున్నా దగ్గర ఆ గీత 0.20ని తాకుతుంది, అదే అతుకు. గీత వాలు 0.7, అదే రాపిడి గుణకం. ఇటుక, మాలు, మేస్త్రి పనితనం, నీళ్లు కొట్టిన శ్రద్ధ అన్నీ కలిసి ఈ రెండు అంకెల్లోకి వస్తాయి. అయినా ప్రమాణం సగటులో 80 శాతాన్నే నమ్మమంటుంది.

రెండోది కర్ణం పరీక్ష. 1.2 మీటర్ల చదరపు గోడ ముక్క కట్టి, దాన్ని మూల మీద నిలబెట్టి, పై మూల నుంచి కింది మూలకు నొక్కుతారు. గోడ మధ్యలో నిలువుగా చీలుతుంది. భూకంపంలో గోడకు పడే ఏటవాలు పగులును ఇది చూపిస్తుంది. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఈ519 దీని పద్ధతి చెబుతుంది.

మూడోది కట్టిన గోడలోనే చేసేది. ఒక ఇటుకకు ఒక పక్కనున్న ఇటుకను తీసి అక్కడ చిన్న జాకీ పెడతారు. రెండో పక్క దర్జులోని మాలు తీసేసి ఇటుకకు జరిగే చోటు ఇస్తారు. ఆ తర్వాత నెట్టి చూస్తారు. పాత బడి, పాత ఆస్పత్రి కట్టడాలు ఇంకా వాడుకోవచ్చా అని తేల్చడానికి ఇది పనికొస్తుంది.

మన ఐఎస్ 1905 గోడకు అనుమతించే షియర్ ఒత్తిడిని 0.1కి, పైనున్న నిలువు ఒత్తిడిలో ఆరో వంతును కలిపి లెక్కగట్టమంటుంది, ఎంతైనా 0.5 దాటొద్దంటుంది. ల్యాబులో రాపిడి 0.7 వచ్చే చోట కోడ్ ఆరో వంతే ఇస్తోందంటే, సైటు మీద పనిలో ఎన్ని హెచ్చుతగ్గులుంటాయో దానికి తెలుసన్నమాట. ఇంకో షరతు కూడా ఉంది: మాలు కనీసం ఎం1 శ్రేణిది కావాలి. సిమెంటు, ఇసుక మాత్రమే వాడితే అది 1:5. మన ఊళ్లలో 1:6, 1:8 కలిపేసి ఆ సూత్రాన్ని వాడుకోవడం తప్పు.

మీరే చేయగల పరీక్ష

అదుము లేకుండా ఆరు నమూనాలతో అతుకు ఒక్కటే కొలిచే తేలిక పద్ధతి కూడా ఆ యూరప్ ప్రమాణంలో ఉంది. దాన్నే మన సైటుకు తగ్గట్టు మార్చుకుందాం. పద్దెనిమిది ఇటుకలు, ఒక తట్ట మాలు చాలు.

1. రోజూ వాడే ఇటుకలే తీసుకోండి, ఆ రోజు కలిపిన మాలే వాడండి. పరీక్ష కోసం ప్రత్యేకంగా కలపొద్దు.

2. తొమ్మిది ఇటుకలను నీళ్లలో నానబెట్టి, పైతడి ఆరాక వాడండి. మిగతా తొమ్మిదింటిని పొడిగానే వాడండి. ఇంకేదీ మార్చకండి. ఒక్కసారి ఒక్క మార్పే చేస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది.

3. గోడ కట్టే మేస్త్రి చేతే ఒక్కో జట్టు మూడిటుకలను 10 మిల్లీమీటర్ల దర్జుతో పేర్పించండి. నడిమి ఇటుకను రెండు సెంటీమీటర్లు ముందుకు జరిపి పెట్టమనండి, నొక్కడానికి వీలుగా ఉంటుంది.

4. తడి గోనె సంచులు కప్పి వారం రోజులు నీళ్లు కొట్టండి. 28 రోజులు కదపకండి. ప్రతిదాని మీద తేదీ, తడిదా పొడిదా సుద్దతో రాయండి.

5. సివిల్ బ్రాంచి ఉన్న పాలిటెక్నిక్‌నో ఇంజనీరింగ్ కాలేజీనో అడగండి. తొమ్మిదంగుళాల ఇటుక జట్టు సాధారణంగా ఒకటి, రెండు టన్నుల్లోపే జారుతుంది. కాంక్రీటు క్యూబులు పగలగొట్టే పెద్ద మెషీన్ మీద అంత చిన్న అంకె స్పష్టంగా కనబడదు. ప్రూవింగ్ రింగ్ ఉన్న చిన్న లోడింగ్ ఫ్రేమ్ కావాలని చెప్పండి. తీసుకెళ్లేటప్పుడు ఇసుకలో కూర్చి, తాడుతో కట్టి తీసుకెళ్లండి.

6. జారినప్పుడు వచ్చిన బరువును న్యూటన్లలోకి మార్చి, చదరపు మిల్లీమీటర్లలోకి మార్చిన రెండు దర్జుల మొత్తం వైశాల్యంతో భాగించండి. 23, 11 సెంటీమీటర్ల ఇటుకైతే, రెండు సెంటీమీటర్లు జరిపాక ఒక్కో దర్జు 21, 11 సెంటీమీటర్లు. రెండూ కలిపి 462 చదరపు సెంటీమీటర్లు.

మేస్త్రికి మొదట ఇది నచ్చకపోవచ్చు. "గోడ నేను మంచిగనే కడుత కద సారూ, ఈ మూడిటుకల పరీక్షేంది?" అంటాడు. అప్పుడు ఇలా చెప్పండి: "నీ పని మీద అనుమానం కాదు మేస్త్రీ. ఇటుక ఎంత నీళ్లు తాగుతుందో, ఇసుకల మట్టి ఎంతుందో మనకిద్దరికీ తెల్వదు. అదే చూద్దాం." దేశం నలుమూలలా ఆనకట్టల పనికి వెళ్లిన పాలమూరు కూలీల చేతి పనితనానికి రుజువు అక్కర్లేదు. ఆ పనితనానికి తోడు అంకె కూడా వస్తే, రేపు ఆ మేస్త్రి ఇంకో ఇంటి పని అడిగేటప్పుడు తలెత్తుకుని చెప్పుకోగలుగుతాడు.

విరిగిన ముఖాన్ని చదవండి

అంకె రాసుకుని వదిలేయకండి. విడిపోయిన దర్జును వెలుతురులో పెట్టి చూడండి. మాలు ఒక పలకలా ఊడొచ్చి, ఇటుక ముఖం ఎర్రగా శుభ్రంగా కనిపిస్తే అతుకే పడలేదు. ఎండిన ఇటుక మాలులోని నీళ్లను పీల్చేసింది, సిమెంటుకు గట్టిపడే నీళ్లు మిగల్లేదు. వేలితో రాస్తే మాలు పొడిగా రాలితే సిమెంటు తక్కువైంది, లేదా క్యూరింగ్ తప్పింది. మాలు తనలో తాను చీలి రెండు ఇటుకలకూ కొంత కొంత అంటుకుని ఉంటే అతుకు బాగా పడింది. ఇటుక పెచ్చు మాలుతోపాటు ఊడొస్తే ఆ ఇటుకకు అంతకంటే గట్టి అతుకు అడగలేం.

పొడి జట్లు, తడి జట్లు పక్కపక్కన పెట్టి మేస్త్రిని, కూలీలను పిలిచి చూపించండి. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో ఇటుకలు తడపమని పదిసార్లు చెప్పినా చేరని మాట, ఆ రెండు ముఖాలు చూస్తే ఒక్కసారికే చేరుతుంది.

అతుకు పెంచే పనులు

ఇటుకలు నానబెట్టండి, కానీ నీళ్లు కారుతుండగా వాడకండి. మట్టి కలిసిన సన్న ఇసుక బదులు కడిగిన దొడ్డు ఇసుక తీసుకోండి. నీళ్లు పోసిన మాలును రెండు గంటల్లో వాడేయండి. గట్టిపడుతున్న మాలులో మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచకండి. ఇటుక గుంత పైకి ఉండేలా పెట్టించండి, గుంతలో మాలు నిండి వరుస జారకుండా పట్టుకుంటుంది. నిలువు దర్జులు ఖాళీగా వదలకండి. సున్నం దొరికితే సిమెంటు, సున్నం, ఇసుక 1:1:6 కలిపి చూడండి. సున్నం నీటిని పట్టి ఉంచి అతుకుకు మేలు చేస్తుంది. పెట్టిన ఇటుకను కొంతసేపయ్యాక మళ్లీ కదిపి సరిచేస్తే అతుకు తెగిపోతుంది. అలా కదిపిన ఇటుకను తీసి కొత్త మాలుతో పెట్టాలి.

రాతి గోడ అయితే ఇంకో జాగ్రత్త ఉంది. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని కిల్లారిలో భూకంపం వచ్చినప్పుడు మట్టి మాలుతో కట్టిన మందపాటి రాతి గోడలు కూలి వేలమంది చనిపోయారు. గోడ లోపలి ముఖం, బయటి ముఖం విడివిడిగా పేర్చి నడుమ చిన్న రాళ్లు, మట్టి నింపడంతో రెండు ముఖాలూ చెరో వైపు విడిపోయాయి. పాలమూరు పల్లెల్లోని పాత మట్టి మిద్దెల్లో ఇలాంటి గోడలు ఇప్పటికీ ఉన్నాయి. ఐఎస్ 13828 చెప్పేది ఇది: గోడ మందమంతా అడ్డంగా పోయే పొడవాటి రాళ్లను ప్రతి 60 సెంటీమీటర్ల ఎత్తుకు ఒకసారి, 1.2 మీటర్లకు మించని దూరంలో పెట్టాలి. మన జిల్లాలు భూకంప ప్రమాదం తక్కువగా ఉండే ప్రాంతమే. అయినా ఆ రాయికి అయ్యే అదనపు ఖర్చు ఎంత చిన్నదో, అది కాపాడేది ఎంత పెద్దదో చూస్తే వదిలేయడానికి కారణం కనబడదు.

పరీక్షించే మనిషిగా మారడం

ఈ పద్ధతి గోడ దగ్గరే ఆగనక్కర్లేదు. ఏ పనిలోనైనా పెద్ద బరువు ఎత్తే ముందు చిన్న నమూనా చేసి, అది ఓడిపోయేదాకా తోసి చూడటం గొప్ప క్రమశిక్షణ. దీనికి మూడు గుణాలు కావాలి. నమూనాను అందంగా కాకుండా రోజువారీ పనిలా తయారుచేసే నిజాయితీ. 28 రోజులు ఆగే ఓపిక. వచ్చిన అంకె నచ్చకపోయినా నోటుబుక్కులో రాసే ధైర్యం. మూడూ సాధనతో వచ్చేవే. చదువు ఎక్కువ ఉన్నవాళ్లకే వస్తాయనేం లేదు.

ఈ వారం నాలుగు పనులు చేయండి:

- మీ వీధిలో అయిదు పగుళ్లు చూసి, మెట్ల పగులా, ఇటుకను చీల్చిన పగులా అని రాసుకోండి.
- మీ ఇంటి పిట్టగోడ, ప్రహరీ దర్జుల్లో మేకుతో గీకి చూడండి. మాలు పొడిగా రాలిన చోట సుద్దతో గుర్తు పెట్టి మేస్త్రికి చూపించండి.
- కట్టుబడి నడుస్తుంటే రేపే ఆరు జట్లు పేర్పించి తేదీ రాయండి.
- దగ్గర్లోని కాలేజీ సివిల్ విభాగానికి వెళ్లి, పరీక్షకు ఎప్పుడు రావచ్చో అడిగి రండి.

ఫలితం తక్కువ వస్తే దిగులు పడకండి. ఇంకా కట్టని గోడలో లోపం దొరికింది, దిద్దుకునే వీలుండగానే దొరికింది. మాలు మార్చండి, ఇటుకలు నానబెట్టండి, మళ్లీ ఆరు జట్లు వేయండి. రెండోసారి అంకె పెరిగితే దాన్ని మీ మేస్త్రి ముందు, మీ ఇంటివాళ్ల ముందు పైకి చదవండి. ఆ అంకె వచ్చిన మాలుతోనే పిట్టగోడ మొదలుపెట్టించండి.